కడుపుతో ఉన్నప్పుడు కుక్కపిల్లను తెచ్చుకోవాలంటే: నెలల లెక్క నుంచి బిడ్డ ఇంటికొచ్చేదాకా

"నాకు నాలుగో నెల. ఆయనకి కుక్కపిల్లను పెంచాలని ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు తెచ్చుకోవచ్చా?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. అడిగే ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకేచోట రాస్తే మంచిదనిపించింది.

తెచ్చుకోవచ్చు. అయితే తెచ్చే నెల సరిగ్గా కుదరాలి. మీరు కాకుండా ఇంట్లో ఇంకో మనిషి దాని పూచీ తీసుకోవాలి. ఈ రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఇప్పటికి ఆగండి. బిడ్డకి రెండేళ్లు వచ్చాక తెచ్చుకున్నా మీకు దక్కే ఆనందం ఏమీ తగ్గదు.

ముందుగా కావలసినవి

- మీ కాన్పు తేదీ, ఒక క్యాలెండర్
- రాత్రిళ్లు లేచి కుక్కపిల్లను చూసుకోవడానికి ఒప్పుకున్న మనిషి. గర్భిణి ఈ లెక్కలోకి రాదు
- దగ్గర్లో వెటర్నరీ డాక్టరు, ఆయన ఫోన్ నంబరు
- ఒక గుమ్మానికి బిగించడానికి మూడడుగుల ఎత్తు చిన్న గేటు
- మెడ బెల్టు, తేలికపాటి పట్టీ (లీష్), కొరుక్కునే బొమ్మలు నాలుగైదు, ఉతకడానికి వీలైన చాప లేదా బొంత
- చేతి గ్లవ్స్, పాత పేపర్లు, మూతున్న చెత్తడబ్బా

గేటు గురించి ఒక మాట. కార్పెంటరు చేత చేయించినా, ఆన్‌లైన్‌లో కొన్నా, అది తలుపులా తెరుచుకునేలా ఉండాలి. అడ్డంగా చెక్క పెట్టేసి దాటుకుంటూ తిరగడం ఏడో నెల తర్వాత చాలా ప్రమాదం. ఊచల మధ్య సందులో కుక్కపిల్ల తల పట్టకూడదు.

1. వెనక నుంచి లెక్క పెట్టండి

కుక్కపిల్ల వయసు లెక్క తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. రెండు నెలల పిల్ల రాత్రి రెండు మూడు గంటలకోసారి లేస్తుంది. నాలుగో నెల నుంచి దాని పాలపళ్లు ఊడి కొత్త పళ్లు రావడం మొదలై, ఆరేడు నెలలకి పూర్తవుతుంది. చేయి, చీర అంచు, సోఫా కాలు, ఏది దొరికితే అది కొరికే కాలం ఇది. ఆరు నెలలు దాటాక చాలావరకు టాయిలెట్ అలవాటు కుదురుతుంది గానీ ఏడాది వచ్చేదాకా దూకుడు ఉంటుంది.

ఉదాహరణకి మీ కాన్పు జనవరి మొదట్లో అనుకోండి. జూలై నడుమ, అంటే మీకు నాలుగో నెల నడుస్తుండగా, రెండు నెలల పిల్లను తెచ్చారు. కాన్పు నాటికి దానికి దాదాపు ఏడున్నర నెలలు వస్తాయి. కొరుకుడు తగ్గి, బయటికి వెళ్లి ఒకటి రెండు కానిచ్చుకుని వచ్చే వయసు. అదే పిల్లను అక్టోబరులో, ఏడో నెలలో తెస్తే కాన్పు నాటికి దానికి ఐదు నెలలే. చేతిలో పసిబిడ్డ, కింద పళ్లు వచ్చే కుక్కపిల్ల. ఇద్దరికీ రాత్రి నిద్ర ఉండదు, మీకు అసలే ఉండదు.

కాబట్టి నా లెక్క ఇది. నాలుగో నెల దాటేలోపు తెచ్చుకోండి. ఐదో నెలలో ఉంటే ఇంట్లో సాయం గట్టిగా ఉంటేనే ఆలోచించండి. ఆరు దాటితే వద్దు. మొదటి మూడు నెలల్లో వేవిళ్లు ఎక్కువగా ఉన్నా ఆగండి. కుక్కపిల్ల ఒంటి వాసన, మూత్రం వాసన అప్పుడు అస్సలు భరించలేరు.

*పుట్టింటికి వెళ్లేవాళ్లకి లెక్క మారుతుంది.* తొలిచూలుకి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళ్లి, బిడ్డకి మూడో నెలో ఐదో నెలో వచ్చాక తిరిగొస్తారు కదా. "అయితే ఎప్పుడు తెచ్చినా ఫర్వాలేదుగా" అంటారు కొందరు. అది పొరపాటు. ఆ నెలలన్నీ కుక్కపిల్ల ఎవరి దగ్గర ఉంటుంది? మీ ఆయన పొద్దున తొమ్మిదికి ఆఫీసుకి వెళ్లి రాత్రి ఎనిమిదికి వస్తే, పదకొండు గంటలు ఒంటరిగా ఉన్న పిల్ల అరవడం, తలుపులు గీకడం నేర్చుకుంటుంది. ఆయన ఇంటి నుంచి పనిచేస్తున్నా, అత్తమామలు ఇంట్లో ఉన్నా, పగలు చూసుకునే మనిషిని కుదుర్చుకున్నా సరే. ఇవేవీ లేకపోతే బిడ్డతో తిరిగొచ్చి కుదురుకున్నాకే కుక్క మాట ఎత్తండి.

*ఇంకో దారి:* రెండేళ్లు దాటిన, పిల్లలున్న ఇంట్లో పెరిగిన పెద్ద కుక్కను దత్తత తీసుకోవడం. గర్భిణి ఉన్న ఇంటికి ఇది కుక్కపిల్ల కన్నా చాలా సులువు. దాని స్వభావం ముందే తెలుస్తుంది, కొరికే దశ దాటిపోయి ఉంటుంది. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ వంటి జంతు సంరక్షణ సంస్థలు కుక్కల్ని దత్తత ఇస్తాయి. తీసుకునేముందు కనీసం రెండు మూడుసార్లు వెళ్లి దానితో కాసేపు గడపండి.

2. ఇద్దరు డాక్టర్లతో మాట్లాడండి

మీ గైనకాలజిస్టుకి చెప్పండి. ఆస్తమా గానీ, బొచ్చు అలర్జీ గానీ ఉంటే కుక్క ఉన్న ఇంటికి వెళ్లి రెండు మూడు గంటలు కూర్చుని చూడండి. తుమ్ములు, కళ్ల దురద, ఆయాసం వస్తే ఈ ఆలోచన మానుకోండి.

వెటర్నరీ డాక్టరు దగ్గర నులిపురుగుల మందు, టీకాల తేదీలు రాయించుకోండి. ఏలికపాములు తల్లి కడుపులోనే, పాల ద్వారానూ పిల్లకి వస్తాయి. అందుకే చూడటానికి శుభ్రంగా ఉన్న పిల్లకి కూడా రెండు వారాల వయసు నుంచి మూడు నెలలదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలలదాకా నెలకోసారి మందు వేస్తారు. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులకి టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాల తేడాతో నాలుగు నెలలదాకా సాగుతాయి. రేబిస్ టీకా మూడు నెలలకి. లెప్టోస్పైరోసిస్ టీకా కూడా వేయించమని అడగండి. ఎలుకల మూత్రం కలిసిన వాన నీటి నుంచి ఆ జబ్బు కుక్కకీ, కుక్క నుంచి మనిషికీ రావచ్చు. గర్భిణికి అది మంచిది కాదు.

ఇంట్లో పెద్దవాళ్లు "కుక్క వెంట్రుక కడుపులోకి పోతే బిడ్డకి ప్రమాదం" అంటారు. కోప్పడకండి, వాళ్ల భయం మీ మీద ప్రేమతోనే. మింగిన వెంట్రుక బిడ్డ దాకా చేరదని మెల్లగా చెప్పండి. నిజంగా జాగ్రత్త పడాల్సినవి నాలుగు: పురుగులు, కరవడం, గీరడం, కాళ్లకి అడ్డంపడి మీరు జారిపడటం. ఈ నాలుగింటికీ మీరు ఏం చేస్తున్నారో చూపిస్తే వాళ్లే తోడొస్తారు. కడుపులో బిడ్డకి హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి కూడా అడుగుతుంటారు. ఆ క్రిమి గుడ్లను బయటికి వదిలేది పిల్లులే గానీ కుక్కలు కాదు. కానీ పచ్చి మాంసం నుంచి అది మీకు రావచ్చు. కుక్కపిల్లకి పచ్చి చికెన్ పెట్టకండి, ఉడికించే పెట్టండి.

3. పిల్లను ఎంచుకోవడం

ఎనిమిది వారాలు నిండకుండా తీసుకోకండి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం అంతకన్నా చిన్న పిల్లను అమ్మకూడదు కూడా. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఆ వారాలు గడిపిన పిల్లే ఎంత గట్టిగా కొరికితే నొప్పో నేర్చుకుంటుంది. కొరుకుడు భయం ఉన్న ఇంటికి ఇది చాలా ముఖ్యం.

తల్లికుక్కను చూపించమనండి. మనుషుల్ని చూసి వణికిపోయే తల్లి, మీదికొచ్చే తల్లి అయితే ఆ పిల్ల వద్దు. పిల్లల గుంపులో అందరికన్నా ముందు దూకి వచ్చేదాన్నీ, మూల నక్కినదాన్నీ వదిలేసి, నెమ్మదిగా వచ్చి వాసన చూసి ఒళ్లో కూర్చునేదాన్ని ఎంచుకోండి.

జాతి విషయంలో మన ఎండల్ని మరవకండి. విజయవాడ మే నెలలో హస్కీని పెంచడం దానికి శిక్ష. లాబ్రడార్ స్వభావం మంచిదే గానీ ఎనిమిది నెలలకి బాగా బరువెక్కి, పట్టీ లాగితే నిండు గర్భిణిని పడేయగలదు. మన నాటు కుక్క ఈ వాతావరణానికి బాగా సరిపోతుంది, బొచ్చు తక్కువ రాలుతుంది.

4. ఇంట్లో ఏవి అందకూడదు

గర్భిణి ఉన్న ఇంట్లో కుక్కకి విషమయ్యేవి మామూలు ఇంట్లోకన్నా ఎక్కువ ఉంటాయి. చాలామందికి ఇది తట్టదు. మంచం పక్కన పెట్టుకునే ఐరన్ మాత్రలు కుక్కపిల్ల నమిలితే ప్రాణాపాయం. పారాసిటమాల్ కూడా అంతే. మీరు తినే ఎండుద్రాక్ష, అది వేసిన డ్రైఫ్రూట్ లడ్డు దాని కిడ్నీలను పాడుచేయగలవు. కాన్పయ్యాక బాలింతకి పెట్టే వెల్లుల్లి కారం అన్నం మిగిలితే కుక్క గిన్నెలో వేయకండి. వెల్లుల్లి, ఉల్లి, చాక్లెట్ ఏవీ పెట్టకూడదు. మాత్రలు, తినుబండారాలు గట్టి మూత డబ్బాలో పెట్టి అల్మారాలోకి చేర్చండి. ఏదైనా మింగిందని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, మాత్రల అట్ట పట్టుకుని వెంటనే వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నేల తుడవడానికి ఫినాయిల్ వాడకండి. కుక్కపిల్ల పాదాలకి అంటినది నాకేస్తుంది. సబ్బునీళ్లతో తుడిచి, వెనిగర్ కలిపిన నీళ్లతో ఇంకోసారి తుడిస్తే మూత్రం వాసన తగ్గుతుంది. నేల పూర్తిగా ఆరాకే మీరు నడవండి.

5. మొదటి నెల: టాయిలెట్, కొరుకుడు

నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి, ఆడుకున్నాక, పడుకునే ముందు కుక్కపిల్లను ఒకే చోటికి తీసుకెళ్లండి. టీకాలు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోట కింద దించకూడదు కాబట్టి, అపార్టుమెంటులో ఉన్నవాళ్లు బాల్కనీలో పేపర్లు పరవండి. పని కానివ్వగానే అక్కడే దాని పొడి తిండి (డాగ్ ఫుడ్) గింజ ఒకటి ఇచ్చి మెచ్చుకోండి. ఇంట్లో పోస్తే తిట్టకండి, మూతి దానికి రాయకండి. అలా చేస్తే ఇంట్లో పోయడం మానదు, సోఫా వెనక దాక్కుని పోస్తుంది.

మలం ఎవరు ఎత్తాలి? మీరు కాదు. తప్పనప్పుడు గ్లవ్స్ వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. ఏ రోజుది ఆ రోజే తీసేయాలి. ఏలికపాము గుడ్లు బయటపడగానే అంటుకోవు, వాటికి రెండు మూడు వారాలు పడుతుంది. రోజూ తీసేసే ఇంట్లో ఆ ప్రమాదం చాలావరకు పోతుంది. పిడుదుల మందు పట్టించే పని, ముఖ్యంగా అమిట్రాజ్ కలిపిన స్నానం, ఇంకొకరికి వదిలేయండి.

కొరుకుడు విషయంలో ఒకటే నియమం. పళ్లు చర్మానికి తగిలిన క్షణం ఆట ఆగిపోవాలి. అరవకుండా, చేయి విదిలించకుండా లేచి గేటు అవతలికి వెళ్లి అర నిమిషం ఆగి రండి. వచ్చాక చేతికి బదులు బొమ్మ ఇవ్వండి. నైటీ అంచు, చున్నీ, పైటకొంగు లాగుతుంటే మీరు తిరిగి లాగకండి, దానికి అది ఆటే. సాయంత్రం పిచ్చి పట్టినట్టు కొరుకుతుంటే అది నిద్ర చాలక. కుక్కపిల్లలు రోజుకి 18 నుంచి 20 గంటలు పడుకోవాలి. గేటు వెనక చీకటి మూలలో పడుకోబెట్టండి.

ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. మీరు "వద్దు", ఆయన "నో", అమ్మమ్మ "ఛీ పో" అంటే దానికి ఏదీ అర్థంకాదు. "వదులు", "ఉండు", "చాప" అనే మూడు మాటలు చాలు. గోడ మీద రాసి పెట్టండి.

6. చాప నేర్పండి

"చాప" అనగానే వెళ్లి దాని మీద పడుకోవడం. బిడ్డ వచ్చాక మీ ప్రాణం నిలబెట్టేది ఈ ఒక్క అలవాటే. అందుకే దీని మీద ఎక్కువ సమయం పెట్టమంటాను.

చాప పరిచి దాని మీద గింజలు వేయండి. కుక్కపిల్ల ఎక్కగానే "చాప" అనండి. రెండు మూడు రోజులయ్యాక ముందు మాట అని, ఎక్కాక గింజ ఇవ్వండి. తర్వాత పడుకున్నాకే ఇవ్వండి. ఐదు సెకన్ల నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పది నిమిషాలదాకా పెంచండి. రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు మించకండి. లేచిపోతే కోప్పడొద్దు, సమయం బాగా పెంచేశారని అర్థం. వెనక్కి తగ్గండి.

మీరు కుర్చీలో కూర్చుని ఇది నేర్పవచ్చు, ఒంగాల్సిన పని లేదు. గింజను చాప మీదికి విసిరితే చాలు.

7. ఏడో నెల నుంచి ఇల్లు సర్దడం

బిడ్డ సామాను కాన్పయ్యాక ఒక్కసారిగా దించకండి. ఉయ్యాల ఇప్పుడే కట్టండి. చీరతో కట్టే ఉయ్యాల అయితే అంచులు కిందికి వేలాడకూడదు. కదిలే గుడ్డ అంచు చూస్తే కుక్కపిల్ల లాగకుండా ఉండలేదు. మన ఇళ్లలో పసిబిడ్డని కింద పరుపు మీద దోమతెర వేసి పడుకోబెడతారు. కుక్క ఉన్న ఇంట్లో ఆ గదికి గేటు తప్పనిసరి. దోమతెర కుక్కను ఆపదు.

ఫోన్‌లో పసిబిడ్డ ఏడుపు చాలా తక్కువ శబ్దంతో పెట్టి, కుక్క తింటున్నప్పుడు వినిపించండి. చెవులు వెనక్కి వాల్చకుండా తింటుంటే మర్నాడు కొంచెం పెంచండి. బొమ్మను పొత్తిళ్లలో చుట్టి ఎత్తుకుని తిరుగుతూ "చాప" అనండి. నూనె, నలుగుపిండి, సాంబ్రాణి వాసనలు కూడా ముందే అలవాటు చేయండి.

దాని తిండి, నడక మీ ఆయనకో ఇంకొకరికో ఇప్పుడే పూర్తిగా అప్పగించండి. కాన్పు రోజు నుంచి మారిస్తే ఒకేసారి దాని ప్రపంచమంతా తలకిందులవుతుంది.

*సిద్ధమైందో లేదో ఇలా పరీక్షించండి:*

- నాలుగు వారాలుగా ఇంట్లో తడి చేయలేదు
- కాలింగ్ బెల్ మోగితే మనిషి మీదికి దూకకుండా చాపకి వెళ్తుంది
- నోట్లో ఉన్నది "వదులు" అంటే వదిలేస్తుంది
- మీరు బొమ్మను ఎత్తుకుని ఉంటే పది నిమిషాలు పడుకుంటుంది
- గేటు వెనక అరగంట ఏడవకుండా ఉంటుంది

వీటిలో రెండు తప్పినా ఎనిమిదో నెలలోనే మంచి ట్రైనర్‌ను పిలవండి. కొట్టి నేర్పే ట్రైనర్ వద్దు. దెబ్బలు తిన్న కుక్క పసిబిడ్డ దగ్గర నమ్మదగినది కాదు.

8. బిడ్డ ఇంటికొచ్చే రోజు

ముందు కుక్కను బాగా నడిపించి, కడుపు నింపి ఉంచండి. మీరు ఒట్టి చేతులతో లోపలికి రండి. కొన్ని రోజుల తర్వాత చూసింది కాబట్టి ఎగిరి గంతులేస్తుంది, ఆ సంబరం తీరనివ్వండి. సిజేరియన్ అయితే కూర్చుని, పొట్ట మీద దిండు పెట్టుకుని పలకరించండి. అది శాంతించాక, ఇంకొకరు పట్టీ పట్టుకుని ఉండగా, బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆరడుగుల దూరంలో కూర్చోండి. ప్రశాంతంగా చూస్తే మెచ్చుకోండి. మొదటి రోజు అంతే. బిడ్డను దాని మూతి దగ్గరికి తీసుకెళ్లకండి.

మీరు పుట్టింటి నుంచి మూడు నాలుగు నెలల బిడ్డతో వస్తుంటే, అంతకు ముందు వారం నుంచి బిడ్డ వాడిన పొత్తిగుడ్డ ఒకటి తెప్పించి ఇంట్లో వాసన తెలియనివ్వండి. మీరు లేనప్పుడు మంచం ఎక్కడం లాంటి అలవాట్లు నేర్చుకుని ఉంటే, మీరు రావడానికి రెండు వారాల ముందే మాన్పించమని ఆయనకి చెప్పండి.

బారసాల రోజు కుక్కను తెలిసినవాళ్ల ఇంట్లో ఉంచండి. ఇంటినిండా చుట్టాలు, సందడి, కొత్త పిల్లలు. అంత ఒత్తిడిలో దాన్ని పరీక్షించాల్సిన అవసరం లేదు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

కుక్కనీ బిడ్డనీ ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదలడం అన్నిటికన్నా పెద్దది. "మాది చాలా మంచిది" అన్న మాట ఇక్కడ పనికిరాదు. స్నానానికి వెళ్లినా, తలుపు తీయడానికి లేచినా కుక్క గేటు అవతల ఉండాలి. బిడ్డకి ఐదారేళ్లు వచ్చేదాకా ఇదే పద్ధతి.

రెండోది, గుర్రుమంటే కొట్టడం. గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే ఈసారి హెచ్చరించకుండా కరుస్తుంది. గుర్రుమనకముందే కనిపించే గుర్తులు నేర్చుకోండి: కదలకుండా బిగుసుకుపోవడం, పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, మొహం తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం. వీటిలో ఏది కనిపించినా బిడ్డను తీసుకుని పక్కకి వెళ్లండి.

ముద్దుగా ఉందని బిడ్డ మొహం నాకనివ్వకండి. వాడిన డైపర్లు మూత డబ్బాలోనే వేయండి. కుక్కపిల్ల మింగితే పేగులు మూసుకుపోయి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

కరిచినా, గీరినా

మన కుక్కే, చిన్న గీరే, టీకా వేయించాం కదా అని ఊరుకోవద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టకండి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి, కుక్క టీకా కార్డు చూపించి ఆయన చెప్పినట్టు చేయండి. రేబిస్ టీకా గర్భిణులకీ బాలింతలకీ కూడా ఇస్తారు, గర్భం ఉందని వాయిదా వేయకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మూడు నెలలు నిండని, రేబిస్ టీకా పడని పిల్ల విషయంలో ఇంకా జాగ్రత్త.

ఎంత ప్రయత్నించినా కుదరకపోతే

కొన్ని ఇళ్లలో కుదరదు. అప్పుడు వీధిలో వదిలేయకండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం అది నేరం. ఇంట్లో పెరిగిన కుక్క వీధి గుంపులో బతకడం కూడా చాలా కష్టం. ముందు ఎవరి దగ్గర తెచ్చారో వాళ్లని అడగండి, తర్వాత బంధువుల్ని, ఆ తర్వాత దత్తత సంస్థల్ని. చోటు దొరకడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి ఓపిక పూర్తిగా పోకముందే అడగడం మొదలుపెట్టండి. ఇచ్చేటప్పుడు టీకా కార్డు, దాని చాప, అది తినే తిండి ఒక వారానికి సరిపడా, దానికి తెలిసిన మాటలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. అది ఎప్పుడైనా కరిచి ఉంటే, గుర్రుమని ఉంటే, ఆ సంగతి దాచకుండా చెప్పండి.